అడిస్ అబాబాకు ఒక్క టికెట్టు

2008లో ఇథియోపియాలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అప్పటికే అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఢిల్లీ నుంచి అడిస్ అబాబాకు ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం నేరుగా ఉంది. గల్ఫ్‌లో మారి వెళితే చవకన్నారు కనాట్ ప్లేస్ ఏజెంట్లు. ఏజెంటు చెప్పే చవకలో సామాను బరువు లెక్క ఉండదు. పుస్తకాలు, ప్రెషర్ కుక్కర్, ఆవకాయ... టికెట్‌లో మిగిలింది వాటికే సరి. పైగా మూడేళ్ల పాపతో రాత్రంతా విమానాశ్రయంలో పడిగాపులు! ముగ్గురం నేరుగా వెళ్లాలంటే అప్పు చేయాల్సిందే. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో భోంచేస్తూ మా ఆవిడే తేల్చేసింది: "ముందు మీరు వెళ్లండి. నాలుగు జీతాలు అందాక మేమొస్తాం."

వాళ్లు నోయిడా నుంచి వచ్చేసరికి ఏడు నెలలైంది. అడిస్‌లో నన్ను చూసి పాప వాళ్లమ్మ వెనక దాక్కుంది.