పురానీ హవేలీ జాగ్వార్‌కు మళ్లీ పరుగు

బొమ్మ కార్లలో బీరువాలో నిలబడేవి కొన్ని, పరుగెత్తేవి కొన్ని. స్లాట్ కారు పరుగెత్తే జాతిది. ట్రాక్ ముక్కలను ఒకదానికొకటి తగిలిస్తే దారి తయారవుతుంది. దారి మధ్యలో సన్నని గాడి, గాడికి రెండు వైపులా లోహపు పట్టీలు ఉంటాయి. కారు ముక్కు కింది చిన్న రెక్క గాడిలో దిగుతుంది. రెక్క పక్కనున్న రాగి జడలు పట్టీల మీద రాసుకుంటూ కరెంటు అందుకుంటే, లోపలి మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది. చేతిలో మీట ఎంత నొక్కితే అంత వేగం. ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఈ ఆటను జనానికి పరిచయం చేశాడు. అసలు కారులో ముప్పైరెండో వంతు కొలత ఈ ఆటలో బాగా స్థిరపడింది.

సొంత చేతులతో ఒక స్లాట్ కారు చేసుకోవాలనుకునేవాళ్ల చూపు ముందు పందెపు కార్ల మీదికే పోతుంది. అవి నేలకు అంటుకుని ఉంటాయి, మలుపుల్లో బోల్తాపడవు. నాకు మాత్రం సెలూన్ అంటేనే ప్రేమ. తలుపులు నాలుగు, నెత్తిన కప్పు, ఇంటిల్లిపాదీ ఎక్కేంత చోటు. అందులోనూ పాత బ్రిటిష్ సెలూన్ల మడ్‌గార్డుల వంపు, నిటారుగా నిలిచిన గ్రిల్లు చూస్తే చెయ్యి ఊరుకోదు. ఏ కారు చేయాలో తేల్చుకోవడానికి హైదరాబాద్ వాళ్లు విదేశీ పుస్తకాలు తిరగేయక్కర్లేదు. పాతబస్తీలోకి నడిస్తే చాలు.

ముందుగా గుర్తొచ్చేది అంబాసిడర్. అది పుట్టుకతో బ్రిటిష్ కారే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను హిందుస్థాన్ మోటార్స్ మన దేశానికి తెచ్చి, బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారు చేసింది. ముప్పైరెండో వంతుకు దించితే పొడవు 135 మిల్లీమీటర్లు, చక్రాల ఇరుసుల మధ్య 77. చిన్నది, బొద్దుది, మలుపు తిప్పడానికి అనువైనది. మంత్రిగారి కారూ అదే, పెళ్లికొడుకు కారూ అదే. కానీ అంబాసిడర్ నడక మనకు ఇంకా కళ్లముందే ఉంది. ఏదో ఒక వీధిలో ఇప్పటికీ ఒకటి ఎదురవుతుంది. దాన్ని బొమ్మగా పరుగెత్తించాల్సిన అవసరం ఇంకా రాలేదనిపిస్తుంది.

తర్వాత చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్నారు. అది వచ్చేసరికి ఆయన లేరు. వెనకవైపు ఎత్తైన సింహాసనం, పైన గుమ్మటం లాంటి కప్పు. చూడటానికి రెండు కళ్లూ చాలవు. అయితే అది ఊరేగింపు వాహనం. ప్రజలు పాలకుణ్ని చూడాలని కట్టిన కారు అది. దాని అందమంతా మెల్లగా సాగడంలోనే ఉంది. మీట నొక్కి మలుపులో ఉరికించాలంటే మనసొప్పదు.

నేను ఎంచుకునేది మీర్ ఆలం మండీకి దగ్గర్లో, పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో ఉన్న జాగ్వార్ మార్క్ 5. అక్కడే 1930 నాటి రోల్స్ రాయిస్, ఒక అమెరికన్ ప్యాకార్డ్ కూడా ఉన్నాయి. వాటి నడుమ ఈ జాగ్వార్‌ను చాలామంది ఒక చూపు చూసి దాటిపోతారు. దాని దగ్గర ఆగాలి. 1948 అక్టోబర్ లండన్ మోటార్ షోలో జనం ఈ కారును చూశారు. అంతకు నెల ముందే, సెప్టెంబర్ 17న, హైదరాబాద్ సంస్థానం లొంగిపోయి భారత యూనియన్‌లో కలిసింది. 1951 దాకా ఈ కారు తయారైంది. ఆ మధ్యలోనే, 1950లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతి, అయ్యారు. చౌమహల్లా కారులో సింహాసనం ఉంది. ఈ కారులో ఉన్నవి మామూలు సీట్లు. అటు రాచరికం, ఇటు రాచరికం ముగిసిన కాలం. ఒక్క సెలూన్‌లో ఇంత చరిత్ర ఇమిడి ఉంటే దాన్ని వదిలి వేరేది ఎందుకు చేయాలి?

పందెం రక్తం కూడా దీనికి లేకపోలేదు. 1951 మోంటీకార్లో ర్యాలీలో సెసిల్ వార్డ్ నడిపిన మార్క్ 5 మూడో స్థానంలో నిలిచింది. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు జాగ్వార్ కార్లలో దీనితోనే మొదలయ్యాయి.

ఇక చేతిపని. అసలు కారు పొడవు 4.75 మీటర్లు. బొమ్మలో 148 మిల్లీమీటర్లు. ఇరుసుల మధ్య 95, వెడల్పు 55, ఎత్తు 50. చిక్కంతా ఆ చివరి రెండు అంకెల్లోనే ఉంది. వెడల్పూ ఎత్తూ ఇంత దగ్గరగా ఉంటే మలుపులో పైబరువు కారును పడేస్తుంది. అందుకే పైకప్పును లోపలి నుంచి అరగదీసి పల్చన చేయాలి. సీసం ముక్కలను ఛాసిస్‌కు అడుగున అతికించాలి. బాడీని పట్టే మరలను పూర్తిగా బిగించకుండా కాస్త వదులుగా ఉంచితే మలుపులో కారు ఆ కుదుపును తనలోనే సర్దుకుంటుంది. వెనక చక్రాలను సగం కప్పేసే రేకు మూతలు మార్క్ 5 అందానికి ప్రాణం. వాటిని కోసేసి వెడల్పు టైర్లు వేస్తే వేగం వస్తుంది, జాగ్వార్ పోతుంది. టైర్లు సన్నవే వేసి, ఇరుసును మూతల లోపలికి ఇమిడేలా కత్తిరించాలి. లోపల మోటారు చోటు తినేస్తుంది కాబట్టి సీట్ల పైభాగం, నడుము పైనుంచి డ్రైవరు బొమ్మ మాత్రమే పడతాయి. కిటికీలోంచి చూసేవారికి అది చాలు.

ట్రాక్ కూడా ఊరిదే అయితే ఇంకా బాగుంటుంది. గుల్జార్ హౌజ్ చుట్టూ ఒక వలయం, నాలుగు దిక్కులా చార్‌కమాన్ తోరణాలు, పత్తర్‌గట్టి రాతి దుకాణాల మధ్య ఒక సూటి దారి. అట్టతో, ప్లాస్టర్‌తో పిల్లలు కూడా చేయగలరు. నమూనాలు చేయడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. నిజాం రజతోత్సవానికి కానుకలుగా వచ్చిన ఊరి భవనాల వెండి నమూనాలు ఆ పురానీ హవేలీలోనే ఉన్నాయి. వెండి పనివాళ్లు ఆనాడు భవనాలను చిన్నవి చేసి దాచారు. కదలిక ఉన్నవాటిని దాచే పని మన వంతు. మ్యూజియంలో నిలిచిపోయిన కారు ఇక రోడ్డెక్కదు. దాని రూపాన్ని ఫొటో అయినా దాస్తుంది. పరుగును తిరిగి ఇవ్వగలిగేది స్లాట్ కారే.

కొలతలు కాగితాల్లో దొరుకుతాయి. మడ్‌గార్డు ఎక్కడ దిగుతుందో, వెనక భాగం ఎలా వాలుతుందో కళ్లే చెప్పాలి. కాబట్టి ఈ పనికి పూనుకునేవారు ముందు పురానీ హవేలీకి వెళ్లండి. కారుకు పక్కగా వంగి, కిటికీల ఎత్తున కళ్లు పెట్టి చూడండి. పిల్లలుంటే వెంట తీసుకెళ్లి, గీత వాళ్ల చేతే గీయించండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.