కానుకకు ముందు బాకీ

ధనాన్ని గురించి మతగ్రంథాలు హెచ్చరించినంతగా అర్థశాస్త్ర గ్రంథాలు కూడా హెచ్చరించవేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది. ఏడాదికాలం నిలిచిన సంపదలో నలభయ్యవ వంతు జకాత్‌గా తీయాలని, తీసే ముందు మన బాకీలను మినహాయించి లెక్క కట్టాలని చిన్ననాటనే మా తండ్రిగారు నాకు నేర్పారు. అయినా ఆ లెక్కలోని అంతరార్థం నాకు బోధపడింది మాత్రం అమలాపురంలో, ఒక క్రైస్తవ కుటుంబం నీడన.

అక్కడ కొంతకాలం ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట అద్దెకున్నాను. పింఛను అందిన రోజున మాష్టారు చేసే మొదటి పని దశమ భాగాన్ని లెక్కించి కవరులో పెట్టడం. ఆయన భార్య పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం నాడు ఆ కవరు, ఆ బియ్యం ప్రార్థనా మందిరానికి చేరేవి. పరిమితమైన ఆదాయంలో అంతటి నియమమెలా సాధ్యమా అని నేను ఆశ్చర్యపడేవాణ్ణి.

కోనసీమలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు లేని ఊరు అరుదు. మాష్టారి అబ్బాయి కూడా అప్పు చేసి కువైట్ వెళ్ళాడు. చెప్పిన ఉద్యోగం అక్కడ లేకపోవడంతో కొన్ని నెలలకే తిరిగి వచ్చాడు. అప్పిచ్చినవాడు ధనికుడు కాడు. కొబ్బరికాయలు ఒలిచి, కూతురి పెళ్ళికని కూడబెట్టుకున్న కూలీ. ఒకనాటి సాయంకాలం అతడు వచ్చి, నోరు విడిచి ఏమీ అడగకుండా వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ నెల బల్లమీద కవరు కనిపించలేదు.

"ఈసారి కవరు లేదా మాష్టారూ?" అని చనువుకొద్దీ అడిగాను.

"లేదండి. అతనికి చెల్లవలసింది తీసుకెళ్ళి దేవుని సంచిలో వేస్తే, ఆ కానుక అతనిదవుతుంది గాని నాదెలా అవుతుందండీ?" అన్నారాయన.

దేవుని భాగం ఆపితే దీవెన ఆగిపోతుందని అమ్మగారి భయం. బలిపీఠం వద్దకు వచ్చినవాడికి తన మీద సహోదరునికి మనస్తాపమున్నదని గుర్తుకు వస్తే, కానుక అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడాలన్న యేసు బోధను మాష్టారు ఆమెకు గుర్తు చేశారు. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "బియ్యం మాత్రం నేనాపనండి" అన్నారు. మాష్టారు కాదనలేదు.

తొమ్మిది నెలలపాటు పింఛనులో సింహభాగం ఆ కూలీకే చేరింది. ఆదివారం కానుకల సంచి తన వద్దకు వచ్చినప్పుడు, వట్టి చేతులతో దానిని పక్కవారికి అందించడం తనకెంత కష్టమనిపించేదో మాష్టారు నాతో ఒకసారి చెప్పుకున్నారు. ఇవ్వడంలో ఉన్న గౌరవానికి తానెంతగా అలవాటు పడ్డారో అప్పుడే తెలిసిందన్నారు.

ఆ సందర్భంలోనే ఆయన తమ సంఘం పూర్వ చరిత్ర చెప్పారు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో దంతవైద్యుడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, క్రైస్తవుడు భూమిమీద ధనం కూడబెట్టరాదని వాదిస్తూ 1825లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. మంచి రాబడినిచ్చే వృత్తిని వదులుకొని 1829లో బాగ్దాదుకు, 1833లో భారతదేశానికి వచ్చాడు. 1836లో ఆయన వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లు జీతమిచ్చే సంస్థ అండ లేకుండానే, రాజోలు సీమకు వశిష్ఠ ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురంలో పనిచేశారు. గోదావరి డెల్టా మిషన్‌కు వారే మూలపురుషులు. అయితే ధనాన్ని అంతగా తృణీకరించిన గ్రోవ్స్‌ను సైతం, స్వయంపోషణకై చిత్తూరులో సాగించిన వ్యవసాయం, పట్టు పరిశ్రమ నష్టాల పాలై అప్పుల్లోకి దించాయి. "ఆస్తి వదులుకున్నవారికీ లెక్క తప్పలేదండి" అని మాష్టారు ముగించారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఎం.ఏ. చదువు కోసం మా అక్కగారు తన బంగారు గాజులు తాకట్టు పెట్టారు. నాకు ఉద్యోగం వచ్చి ఏళ్ళు గడిచినా నేను వాటిని విడిపించలేదు. ఆమె అడగకపోవడాన్నే మాఫీగా భావించుకున్నాను. ప్రతి రంజాన్‌లోనూ నలుగురికీ తెలిసేటట్లు దానాలు చేస్తూ వచ్చాను. జకాత్ లెక్క వ్రాసుకున్న కాగితాల్లో ఆ గాజుల బాకీ ఒక్కసారి కూడా లేదు. బాకీ పడి మరణించినవాని జనాజా నమాజుకు, ఆ బాకీ తీర్చే బాధ్యతను ఒకరు స్వీకరించేదాకా ప్రవక్తగారు ముందుకు రాలేదన్న హదీసును ఎన్నిసార్లో విన్నాను. అది నన్ను గురించి కూడా అని తోచలేదు.

మూడు నెలల జీతంలో మిగిల్చి గాజులు విడిపించాను. అక్కగారు వేసుకోబోయారు. అవి మణికట్టు దాటలేదు. "నేను లావయ్యానురా" అని నవ్వేశారు. ఆ నవ్వును నేను మరువలేను.

విద్యార్థులారా! రేపు మీరు సంపాదిస్తారు. మసీదుకో మందిరానికో తప్పక ఇవ్వండి. ఇచ్చే ముందు, అడగలేక మీ వాకిట నిలబడినవారెవరైనా ఉన్నారేమో ఒక్కసారి తలుపు తీసి చూడండి. పదవ నెల మొదటి వారంలో మాష్టారి బల్లమీద మళ్ళీ కవరు కనిపించింది. దానిమీద సొమ్ము వ్రాస్తుండగా ఆయన ముఖంలో ఉన్న ప్రశాంతత నేను అంతకుముందు చూడనిది.