గంతకు తగ్గ బొంత

కేట్ బుష్ అనే ఇంగ్లండు గాయని 1993లో తెచ్చిన ‘ది రెడ్ షూస్’ ఆల్బమ్‌ని మా అమ్మాయి పట్టుబట్టి వినిపించింది. రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ ఆవిడే. అయినా పెళ్ళివారింట్లోలా ఎంతమంది చుట్టాలో! ఒక పాటలో ఎరిక్ క్లాప్టన్ గిటారు, ఇంకోదాంట్లో జెఫ్ బెక్, మరోదాంట్లో ప్రిన్స్. బల్గేరియా జానపదాలు పాడే ముగ్గురు ఆడవాళ్ళు, మడగాస్కర్ తీగవాయిద్యం కూడాను. నిజం చెప్పొద్దూ, కొన్నిచోట్ల వడ్డన ఎక్కువై విస్తరి చాలనట్టుంది. ప్రిన్స్ పాట మరీను.

నేను ఆగిపోయింది ‘మొమెంట్స్ ఆఫ్ ప్లెజర్’ దగ్గర. పియానో, వెనక వయొలిన్లు, ఆవిడ గొంతు. పోయిన స్నేహితుల్ని పేరుపేరునా తలుచుకుంటుంది. మధ్యలో వాళ్ళమ్మ అనే సామెత ఒకటి వస్తుంది, పాత మేజోడుకీ పాత బూటుకీ జత కుదరడం గురించి. అమ్మాయి అర్థం చెప్పగానే, “మన గంతకు తగ్గ బొంతే కదే!” అన్నాను. పెళ్ళి సంబంధాల ఊసొస్తే చాలు, మా అమ్మ నాన్నని ఓరకంట చూస్తూ ఆ మాటే అనేది.

కేట్ వాళ్ళమ్మ 1992లోనే పోయారు, ఆల్బమ్ బయటికి రాకముందే. మళ్ళీ కొత్త ఆల్బమ్ రావడానికి 12 ఏళ్ళు పట్టింది. ఆలోగా ఆవిడా ఒక బిడ్డకి తల్లయింది.

మా అమ్మ గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. నా పెళ్ళి క్యాసెట్లో సన్నాయే వినిపిస్తుంది.

“అమ్మమ్మ ఇంకా ఏమేం అనేది?” అంటూ అమ్మాయి పాత నోట్సు ఒకటి తెచ్చుకుని కూర్చుంది. ఇప్పటికి 11 రాశాం.