స్క్రూపానా పెట్టారా?

ఆటోనగర్‌లో పొద్దున తొమ్మిదింటికే సుత్తులు మోగుతున్నాయి. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, కమాన్‌పట్టీల కుప్పలు దాటుకుంటూ నా నూటయాభై సీసీ బండిని తోసుకెళ్లాను. విజయవాడ ఎండలో బండి తోయడం కన్నా, ఎందుకు తోస్తున్నానో చెప్పుకోవడమే నాకు కష్టమనిపించింది.

ఆదివారం ఇంట్లోనే ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చేద్దామని కూర్చున్నాను. క్యాలిపర్‌ని పట్టి ఉంచే బోల్టులు రెండే రెండు. మొదటిది వచ్చింది. రెండోదాని తల నా చేతిలోనే గుండ్రంగా అరిగిపోయింది.

మేస్త్రీ వంగి చూశాడు.

"స్క్రూపానా పెట్టారా సార్?"

నేను మాట్లాడలేదు. ఆయన నవ్వలేదు, అదే నయం.

ముందు వైరు బ్రష్‌తో మట్టీ తుప్పూ గీకాడు. తుప్పు వదిలే స్ప్రే కొట్టమని సలహా ఇవ్వబోయాను. "డిస్క్ పక్కనా? ప్యాడ్‌కి నూనె అంటితే బ్రేకు పడదు" అన్నాడు. పన్నెండో నంబరు బోల్టుకి పదకొండో నంబరు సాకెట్ ఆనించి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దిగ్గొట్టాడు. పొడుగు హ్యాండిల్ తగిలించి బరువంతా మోపాడు. ఎండుకట్టె విరిగినట్టు 'టక్'మంది. బోల్టు కదిలింది.

తర్వాత రెండు సాకెట్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకదాని లోపల పన్నెండు మూలలు, రెండోదానికి ఆరే. పన్నెండు మూలలది ఏ కోణంలోనైనా సులువుగా కూర్చుంటుంది గానీ, బలమంతా బోల్టు అంచుల మీదే పడుతుంది. ఆరు మూలలది చదును ముఖాలను పట్టుకుంటుంది. బిగుసుకుపోయిన బోల్టుకి ఇదే కావాలి. స్క్రూపానా సంగతి సరేసరి, దాని దవడ వదులు.

బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే మాస్టర్ సిలిండర్ మూత స్క్రూలను చూపించి మరో మాట చెప్పాడు. చాలా బండ్లకు ఇవి జపాన్ కొలతవి. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ గాడిలో అడుగుదాకా కూర్చోదు, తిప్పేకొద్దీ పైకి లేచి గాడిని తినేస్తుంది. మొండికేస్తే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో ఒక్కటి వేయాలట. క్యాలిపర్ పిస్టన్‌ని లోపలికి నొక్కడానికి వడ్రంగుల సీ-క్లాంపు వాడాడు. పాత ప్యాడ్‌ని అడ్డం పెట్టి నిదానంగా బిగించాడు. "క్యాలిపర్ ఊడదీశాక లివర్ మాత్రం నొక్కకండి, పిస్టన్ బయటికొచ్చేస్తుంది" అని హెచ్చరించాడు. ఆ ఫ్లూయిడ్ పెట్రోలు ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుందని పాతగుడ్డ పరిచాకే మూత విప్పాడు.

పక్కన ఒక కుర్రాడు డ్రమ్ బండి వెనక చక్రం విప్పి, బ్రేక్ షూలు రెండింటినీ పుస్తకం మూసినట్టు మడిచాడు. స్ప్రింగులతో సహా ఊడి చేతిలోకొచ్చాయి. అదే పనికి నేనైతే ప్లేయరు పట్టుకుని స్ప్రింగుతో కుస్తీ పట్టేవాణ్ణి. కుర్రాడు డ్రమ్ములోని పొడిని నోటితో ఊదబోయాడు గానీ మేస్త్రీ కసిరాడు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమన్నాడు.

ఒక్క విషయంలో ఆయనతో నాకు కుదరలేదు. టార్క్ రెంచి దండగంటాడు. కొత్త బోల్టును చేత్తో మర ఎక్కించి, పానాతో బిగించి, "చాలు" అని ఆపేశాడు. ఆ 'చాలు' ఎక్కడుందో ఆయన మణికట్టుకు తెలుసు. నా మణికట్టు కలం పట్టేది. నేను మాన్యువల్‌లో అంకె చూసుకుని, రెంచి 'క్లిక్'మనేదాకానే బిగిస్తాను.

తిరిగొస్తూ పనిముట్ల కొట్టు దగ్గర ఆగాను.

"అరవై ముక్కల సెట్టు ఇమ్మంటారా సార్?"

"ఇంట్లో ఒకటుంది. పన్నెండో నంబరు సాకెట్ ఒక్కటివ్వండి, లోపల ఆరు మూలలుండాలి."

కొట్టాయన డబ్బా తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. ఒక్కోదాంట్లో వేలు పెట్టి మూలలు లెక్కపెడుతూ నిలబడ్డాను.