అర అంగుళం ఎడం

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా పెద్దబాపు డ్యూటీ దిగి వచ్చి, వరండాలో చాప పరిచి డాల్డా డబ్బా బోర్లిస్తే, ఇత్తడి నట్లూ బోల్టులూ, రంగు రేగిన ఆకుపచ్చ ఇనుప పట్టీలూ, ఎర్ర చక్రాలూ గలగలా రాలేవి. మిషన్ నూనె, తుప్పు, ఆయన చొక్కాకు పట్టిన వర్క్‌షాపు పొగ అన్నీ కలిస్తే వచ్చేదే మెకానో వాసన అనుకునేదాన్ని. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం సామాను అమ్ముతుంటే, అద్దాల బీరువా వదిలేసి ఈ బొమ్మల పెట్టె మోసుకొచ్చాడని పెద్దమ్మ ఏళ్ళ తరబడి సాధించేది.

ఆ పట్టీల నిండా అర అంగుళం ఎడంతో రంధ్రాలు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రేకు కత్తిరించి చేసి, 1901లో పేటెంటు తీసుకున్న బొమ్మే ఈ మెకానో. అక్కడి ఫ్యాక్టరీ 1979లో మూతపడినా కొలత మారలేదు. తాత నాటి పట్టీ మీద మనవడి పట్టీ పెట్టినా రంధ్రం మీద రంధ్రం కూర్చుంటుంది.

"గట్టిగ బిగియ్యకు బిడ్డా. ముందుగాల అన్నీ వదులుగ ఎక్కియ్యి, సక్కగ నిలబడ్డంక బిగిద్దాం" అని పేచకస్ నా చేతికిచ్చేవాడు. మేం క్రేను కడుతుంటే పక్క క్వార్టర్ల ఫిట్టర్లు చాయ్ గ్లాసులతో వచ్చి, చూస్తూ చూస్తూ చాప మీదే చతికిలబడి, కొక్కేనికి దారం ఎటునుంచి తిప్పాలో వాదించుకునేవాళ్ళు. పొద్దంతా బోల్టులు బిగించి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఇదేం సరదా అని అడిగితే, "బోగీ కింద పండుకుంటె ఒక్క మూలనే కనబడ్తది. గిది మొత్తం కనబడ్తది" అన్నాడు పెద్దబాపు. పెద్దవాళ్ళు ఈ బొమ్మను ఎందుకు వదలరో అంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకింకా తారసపడలేదు.

1934లో మాంచెస్టర్‌లో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ ఈ మెకానో ముక్కలతోనే అవకలన సమీకరణాలు సాధించే యంత్రం కట్టారని మొన్నీమధ్యే చదివాను. అందులో తిరిగే గాజు పళ్ళెం మీద సన్నని చక్రం ఒకటి దొర్లుతూ లెక్క కడుతుంది. అది జారిందా, లెక్క తప్పినట్టే. పెద్దబాపు వింటే సమీకరణం జోలికే పోడు. బీడీ పక్కన పెట్టి ముందుకు జరిగి, "మరి గాజు మీద జారకుంట ఎట్ల ఆపిన్రు?" అంటాడు.