తుపాకుల పేట తోలు బిళ్ల

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో, స్టీల్‌హౌస్ లేన్ పరిసరాలకు ‘తుపాకుల పేట’ అని పేరు. గొట్టాలు తొలిచేవారు, మీటలు మలిచేవారు, చెక్కపని చేసేవారు ఒకప్పుడు అక్కడ ఇరుగుపొరుగుగా జీవించేవారు. ఆ వీధి వర్తకుడు లింకన్ జెఫ్రీస్ 1904లో గాలి తుపాకికి పేటెంటు పొందగా, స్మాల్ హీత్‌లోని బి.ఎస్.ఎ. కర్మాగారం మరుసటి ఏడాది నుంచి దానిని తయారు చేసింది. 1940 నవంబరులో జర్మన్ బాంబులు ఆ కర్మాగారంలో 53 మందిని బలిగొన్నాయి. పేట పలచబడింది, తుపాకులు మాత్రం ఇళ్లలో మిగిలాయి.

తాతగారి తుపాకి మూలబడితే, మనవడు దానిని పెరటి కొట్టంలో విప్పుతాడు. మీట లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. వదలగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని అదుముతుంది. ఆ గాలిని జారనివ్వకుండా కాచేది ఒక తోలు బిళ్ల. అది ఎండితే తుపాకి నీరసిస్తుంది. నూనెలో నానితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. నూనె ఎక్కువైతే, అదిమిన గాలి వేడికి అది భగ్గున మండుతుంది. స్ప్రింగు కొంత ముడుచుకునే లోపల కూర్చుంటుంది కనుక, బిగింపు లేకుండా విప్పినవాడికి గాయం కావచ్చు.

కొత్త స్ప్రింగు వేసి బలం పెంచాలన్న ఆశ సహజమే. అయితే 12 అడుగు-పౌండ్లు దాటిన గాలి రైఫిలుకు అక్కడ లైసెన్సు కావాలి, లేకుంటే నేరం. పైగా అతిబలం పాత ఇనుమునే విరుస్తుంది. అందుకే నేర్పరి గుండు వేగాన్ని యంత్రంతో కొలుస్తాడు. స్ప్రింగు కొనలను నునుపు చేసి, గ్రీజు పూసి, దాని కంపనాన్ని అణచుతాడు. అతడు కోరేది బలం కాదు, నిలకడ.