వంత పాడువారు

గడచిన పాఠశాల వార్షికోత్సవమునకు మేము బుఱ్ఱకథ చెప్పవలెనని నిశ్చయించుకొంటిమి. కథకుడుగా నుండుటకు ఐదుగురు ముందుకు వచ్చిరి. వంతలుగా నుండుటకు ఒక్కడును రాలేదు. "తందాన తాన యనుటకు మేమెందులకు?" అని మాలో నొకడు నవ్వెను. మా తెలుగు పండితులు కోపింపలేదు. షేక్ నాజరుగారి చరిత్రము చెప్పిరి.

నాజరుగారు 1920వ సంవత్సరమున గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున, దూదేకులవారి పేదయింట జన్మించిరి. ప్రజానాట్యమండలిలో చేరి ఊరూర బుఱ్ఱకథ వినిపించిరి. 1943లో లక్షలాది జనులను పొట్టబెట్టుకొన్న బెంగాలు కరవును గూర్చియు, అల్లూరి సీతారామరాజును గూర్చియు, పల్నాటి యుద్ధమును గూర్చియు దశాబ్దముల తరబడి పాడిరి. ఆంగ్ల ప్రభుత్వము బుఱ్ఱకథను నిషేధించిన దినములును కలవు. 1986లో వారికి పద్మశ్రీ లభించెను. 1997లో కీర్తిశేషులైరి. వారి ఆత్మకథకు పేరు 'పింజారి'. మహమ్మదీయుల యింట బుట్టి పల్నాటి వీరుల కథను తెలుగువారి కందఱికిని వినిపించిన మహనీయుడాయన. భాష పుట్టుకను అడుగదు. పలుకు నోటిని మాత్రమే అడుగును.

అంతటి కథకుడును ఒంటరిగా వేదిక నెక్కలేదు. బుఱ్ఱకథకు ముగ్గురు కావలెను. భుజమున తంబుర, వ్రేలికి అందె, కాళ్ళకు గజ్జెలు ధరించి కథకుడు నడుమ నిలుచును. ఇరువైపుల డక్కీలతో ఇద్దరు వంతలుందురు. ఒకరు హాస్యము చెప్పుదురు; ఒకరు లోకపు మంచిచెడ్డలు చెప్పుదురు. కథకుడు ఊపిరి పీల్చుకొను క్షణమున కథను పట్టి నిలుపువారు వారే. జనుల మనసులోని ప్రశ్న నడుగువారును వారే. మన తమిళ సోదరుల విల్లుపాట్టునందును 'ఆమా' యని బదులు పలుకువారు లేక పాట సాగదు.

ఇది వినగానే నవ్విన మిత్రుడు తల వంచుకొనెను. అతని అవ్వ బేరికె చెంత పల్లెలో నుండును. పూర్వము రాత్రివేళ కథలు చెప్పెడిది. ఇప్పుడు చెప్పదట. ఆమె మఱచి మానలేదు. ఊ కొట్టువారు లేక మానినది. హోసూరు అంగడిలో మనము తమిళము, కన్నడము మాటాడుదుము. అది తప్పు కాదు, ఇరుగుపొరుగుల మర్యాద. కాని యింట తెలుగునకు వంత పాడుట మానిన తప్పు మాత్రము మనదే.

ఆ మిత్రుడే వంతగా నుండుట కొప్పుకొనెను. ఉత్సవమునాడు కథకునికి నడుమ మాట తప్పినది. వంత వెంటనే డక్కీ వాయించి, ఒక ప్రశ్న వేసి, మఱచిన మాటను ఆ ప్రశ్నలోనే అందించెను. కథ సాగినది. సభలో ఎవ్వరికిని తెలియలేదు; మాకు తెలిసినది.

తలిదండ్రులారా! మీరు ఇంట కథ చెప్పుడు. మేము ఊ కొట్టెదము. మా మిత్రుడు ఆ మఱుసటి ఆదివారమే బేరికె బస్సెక్కెను. అవ్వ మొదట నమ్మలేదట. దీప మార్పిన పిమ్మట, రెండుమాఱులు "వినుచున్నావురా?" యని అడిగి, కథ మొదలుపెట్టినదట.